విమర్శించేవారికి మన వేదిక మీదే కుర్చీ వేద్దాం

సంపాదకుడు గారికి,

నమస్కారం. హేతువాద, నాస్తిక సభలకు యువత రావడం తగ్గిపోయిందనీ, వచ్చినవాళ్లు కూడా రెండోసారి కనిపించడం లేదనీ బాధపడుతూ ఈ మధ్య మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. సెల్‌ఫోన్లు, టీవీల్లో జాతకాలు, పోటీ పరీక్షల టెన్షన్ అని వ్యాసకర్త చెప్పిన కారణాలు కాదనలేనివే. అయితే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించే కారణం అందులో రాలేదు. మాతో ఏకీభవించని మనిషికి మా సభల్లో చోటు లేకుండా పోయింది. నేను డిగ్రీ చదివే రోజుల నుంచి ఈ ఉద్యమంలోనే ఉన్నాను. దేవుడున్నాడన్న నమ్మకం నాకు లేదు, ఇకముందు కలుగుతుందనీ అనుకోను. బయటివాళ్లు అంటే నింద అనుకునే ఈ మాటను లోపలివాడు అంటేనైనా వింటారని రాస్తున్నాను.

కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఉండేది గుడివాడలో. ఆ మధ్య దగ్గర్లోని ఒక పట్టణంలో మూఢనమ్మకాల మీద సభ జరిగితే వెళ్లాను. ఉపన్యాసం అయిపోయాక ప్రశ్నలుంటే అడగమన్నారు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు లేచి, "సార్, మా నాన్న పోయాక మా అమ్మ రోజూ సాయంత్రం భజనకు వెళ్తోంది. ఆ భజనకు వచ్చే ఆడవాళ్లే మా ఇంటికి అండగా నిలబడ్డారు. వంట చేసి పెట్టారు, మా తమ్ముడి ఫీజు కట్టారు. దేవుడు లేడని అమ్మకు నేను చెప్పగలను. కానీ భజన మానేస్తే అమ్మ ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగింది. వక్త నవ్వి, "ముందు మీ అమ్మగారికి కాస్త సైన్స్ నేర్పించమ్మా" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుండిపోయింది. నేను లేచి, అడిగిన దానికి జవాబు చెప్పండి, ఇది మనందరం ఆలోచించాల్సిన ప్రశ్న అన్నాను. టైమైపోయిందంటూ అధ్యక్షులు వందన సమర్పణకు పిలిచారు. ఆ తర్వాత జరిగిన సభల్లో ఆ అమ్మాయి నాకు కనపడలేదు.

ఆమె మా మీద చేసిన విమర్శ చాలా బలమైనది. తీసేస్తున్న దాని స్థానంలో మీరేం పెడుతున్నారని ఆమె అడిగింది. నాస్తికత్వానికి వ్యతిరేకంగా పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉన్న వాదనల కంటే ఇది గట్టిది. ఎందుకంటే దీనికి తర్కంతో జవాబు రాదు, పనితోనే వస్తుంది. ఈ సంగతి మన ప్రాంతంలో అందరికంటే బాగా తెలిసినవారు గోరాగారు. ఆయన పేరు చెప్పుకుని సభలు పెట్టే మనకే అది గుర్తు లేకపోవడం నన్ను బాధిస్తోంది.

గోరా అంటే గోపరాజు రామచంద్రరావుగారు, వృక్షశాస్త్రం లెక్చరర్. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరులో పనిచేసి, దాన్నీ వదులుకుని 1940లో మా జిల్లాలోని ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అది 1947లో విజయవాడ పటమటకు మారింది. ఇవన్నీ మన సభల్లో ప్రతి వక్తా చెబుతాడు. చెప్పకుండా వదిలేసేది, లేదా ఒక్క ముక్కలో ముగించేది గాంధీజీతో ఆయన సాగించిన వాదం. నా దృష్టిలో గోరాగారి జీవితంలో మనం నేర్చుకోవాల్సిన ముఖ్యమైన భాగం అదే.

1930లోనే గోరాగారు గాంధీజీకి ఉత్తరం రాసి, దేవుడు అన్న మాటకు మీ అర్థమేమిటని అడిగారు. దేవుడు మనిషి బుద్ధికి అందనివాడని జవాబొచ్చింది. 1941లో మళ్లీ రాసి, మాట్లాడటానికి రావచ్చా అని అడిగితే, ఈసారి జవాబు ఇంకా కటువుగా ఉంది. నాస్తికత్వం అంటే తనను తాను కాదనుకోవడమే, దాని ప్రచారంలో ఎవరూ నెగ్గలేదు, మీకు దక్కిన ఆ కాస్త ఫలితం మీ చుట్టూ ఉన్న జనంలో మీరు నిజాయతీగా చేస్తున్న పని వల్ల వచ్చిందే, ఉత్త మాటలకు నాకు తీరిక లేదు అన్నది దాని సారాంశం. ఈరోజు మనలో ఎవరికైనా అలాంటి జవాబొస్తే మర్నాటికి దాన్ని కరపత్రం వేసి, చూశారా ఈ మహాత్ముడి అసహనం అని పంచిపెట్టేవాళ్లం. గోరాగారు అలా చేయలేదు. ముదునూరులో పని చేసుకుంటూ పోయారు. వయోజన విద్య, కులాల మధ్య సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరాటం సాగించారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కుటుంబంతో సహా జైలుకు వెళ్లారు. ఆ పని గురించి తోటి కార్యకర్త ద్వారా విన్నాక గాంధీజీయే సేవాగ్రాంకు రమ్మన్నారు.

1944 చివర్లో మొదలైన ఆ సంభాషణల్లో గాంధీజీ అడిగింది సూటి ప్రశ్న. నాస్తికత్వం ఎందుకు కావాలి మీకు? గోరాగారు సృష్టి, పరిణామం అంటూ పాఠం మొదలుపెట్టలేదు. 1943 కరువులో కలకత్తా వీధుల్లో తాను చూసింది చెప్పారు. ఆకలితో నడవలేక నడుస్తున్న జనం, వాళ్ల పక్కనే మిఠాయిలు పేర్చిన దుకాణాలు. ఆకలేసిన పశువు ఆ దుకాణం వైపు వెళ్లేది. ఈ మనుషులు మాత్రం తమ రాత ఇంతేననుకుని అక్కడే ప్రాణాలు వదిలారు. ఆ రాతను కాదనే ధైర్యం మనిషికి రావాలని నా నాస్తికత్వం అన్నారు. గాంధీజీ విన్నారు. మీ మాటల్లో ఒక ఆదర్శం కనిపిస్తోంది, నా ఆస్తికత్వం సరైనదనీ చెప్పలేను, మీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతికేవాళ్లం, ఫలితాలు తేలుస్తాయి, నేను మీ దారికి రావచ్చు, మీరు నా దారికి రావచ్చు, లేదా ఇద్దరం మూడో దారి పట్టవచ్చు అన్నారు. మీ పద్ధతి నా పద్ధతికి విరుద్ధమైనా సాయం చేస్తానని కూడా అన్నారు.

అది ఉత్త మర్యాద మాట కాదు. గోరాగారి పెద్దమ్మాయి మనోరమకూ, దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్లి తన ఆశ్రమంలోనే జరిపిస్తానని గాంధీజీ ఒప్పుకున్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. ఆ ముహూర్తానికి ఆయన బతికి లేరు. 1948 మార్చి 13న, ఆయన హత్య జరిగిన కొన్ని వారాలకే, ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిగింది. ఆ సంభాషణలన్నిటినీ గోరాగారు పుస్తకంగా రాస్తే 1951లో దాన్ని అచ్చువేసింది గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థ. ముందుమాట రాసింది గాంధీజీ సన్నిహితుడు కిశోర్‌లాల్ మశ్రువాలా. ఒక నాస్తికుడి పుస్తకాన్ని ఎదుటిపక్షం వాళ్లు తమ ప్రెస్సులో వేశారు. మన పుస్తకాలను వేయడానికి ఎదుటిపక్షం ఇవాళ ముందుకొస్తుందా? వాళ్ల పుస్తకం మనం వేస్తామా?

గాంధీజీ వైపు నుంచి చూసినా ఇంతే. చదువుకునే రోజుల్లో, 1891లో, లండన్‌లో ప్రసిద్ధ నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా చనిపోతే అంత్యక్రియలకు వెళ్లిన మనిషి ఆయన. దేవుడే సత్యం అంటూ వచ్చినవారు సత్యమే దేవుడు అనడం ఎందుకు మొదలుపెట్టారో 1931లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సభలో చెప్పారు. నాస్తికులు దేవుణ్ని కాదంటారు గానీ సత్యాన్ని కాదనరు కదా అన్నారు. అంటే తనను ఒప్పుకోని వారిని దృష్టిలో పెట్టుకుని తన మూలవాక్యాన్నే తిరగరాసుకున్నారు.

నాకొక ఆలోచన ఉంది. 1941 నాటి ఆ ఉత్తరంలో గాంధీజీ వేసిన దెబ్బ, మీకు దక్కిన ఫలితం మీ నాస్తికత్వం వల్ల కాదు, మీ సేవ వల్ల అన్నది, గోరాగారి తర్వాతి జీవితమంతటికీ ప్రశ్నగా నిలబడిందని నేను నమ్ముతాను. ఆ రెండూ వేరు కావని చూపించడానికే ఆయన, సరస్వతీ గోరాగారు, వారి పిల్లలు అంత కష్టపడ్డారు. సానుకూల నాస్తికత్వం అని వారు చెప్పింది, దేవుడు లేడని చెప్పి ఊరుకోకుండా మనిషికి బాధ్యత నేర్పడం, ఆ విమర్శకు ఇచ్చిన జవాబులాగే నాకు వినిపిస్తుంది. వారి అబ్బాయి లవణంగారు వినోబా భావే మన ప్రాంతంలో భూదాన పాదయాత్ర చేసినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో వినిపించారు. దేవుణ్ని నమ్మే మనిషి మాటను దేవుణ్ని నమ్మని మనిషి తన గొంతుతో ఊరూరా జనానికి చేర్చాడు. అందువల్ల ఆయన నాస్తికత్వానికి ఏం తగ్గింది?

మా ఊళ్లో నాకు చిరకాల మిత్రులు ఒక సంస్కృతం మాస్టారు ఉన్నారు. సంధ్యావందనం మానని మనిషి. మేమిద్దరం కూర్చుంటే వాదనే. ఒకసారి ఆయన అన్నారు: "మాస్టారూ, మీరు టీవీ బాబాల మీద గెలిచి చప్పట్లు కొట్టించుకుంటారు. వాళ్ల మీద నేనైనా గెలుస్తాను. ఉదయనుడి జోలికి మీరెందుకు రారు?" వెయ్యేళ్ల కిందట మిథిలలో ఉదయనాచార్యుడు ఈశ్వరుడు ఉన్నాడని తర్కంతో నిరూపించడానికి ఒక గ్రంథమే రాశాడు. కుండకు కుమ్మరి ఉన్నట్టే కార్యమైన, అంటే తయారైన, జగత్తుకూ కర్త ఉండాలన్న వాదన నుంచి మొదలుపెట్టి ఎన్నో యుక్తులు చూపాడు. మా సంఘం లైబ్రరీలో ఆ గ్రంథం లేదు, దాని ఖండనా లేదు. అక్కడితో ఆగలేదు మాస్టారు. "మీకు పనికొచ్చే మాట కూడా నేనే చెబుతాను, వినండి. వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రాసినది కాదు, అని నమ్మిన మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్తను ఒప్పుకోలేదు. ఏమీ లేనప్పుడు ఆ సృష్టికర్త ఎక్కడుండి, ఏ శరీరంతో సృష్టించాడు? దయతో సృష్టించాడంటారా, దయ చూపడానికి అప్పటికి ప్రాణులెవరున్నారు? ఈ ప్రశ్నలు ఆయన రాసిన శ్లోకవార్తికంలో ఉన్నాయి" అన్నారు. ఇన్నేళ్ల మా సభల్లో ఏ హేతువాదీ నాకు చెప్పని సంగతి ఇది. సంధ్య వార్చే మనిషి చెప్పారు. ఆయనను మా వేదిక మీదకు పిలుద్దామని ప్రతిపాదిస్తే మా కార్యవర్గంలో కొందరు, ఆయన మనవాడు కాదు కదా అన్నారు. మనవాడు కాదు కాబట్టే పిలవాలి.

ఈ దేశంలో వాదానికి ఒక మర్యాద ఉండేది. ముందు పూర్వపక్షం చెప్పాలి. ఎదుటివాడి మాటను అతను ఒప్పుకునేంత బాగా చెప్పి, ఆ తర్వాతే తన సిద్ధాంతం. మన కృష్ణాతీరంలోని కొండకు ఎవరి పేరుందో ఆ బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే చిన్న గ్రంథం రాశాడు. అందులో 70 కారికలు, అంటే శ్లోకాలు, ఉంటే మొదటి 20 ఆయన మీద వచ్చిన ఆక్షేపణలే. అన్నీ శూన్యమైతే, అంటే దేనికీ సొంత స్వభావం లేకపోతే, నీ మాట కూడా శూన్యమే కదా, అది దేన్ని ఖండిస్తుంది అన్న గట్టి ఆక్షేపణతోనే మొదలవుతుంది. దాన్ని మెత్తబరిచి చెప్పుకోలేదు ఆయన. వైద్యులు కూడా అంతే. చరక సంహిత విమానస్థానంలో తోటి వైద్యుడితో స్నేహంగా చేసే చర్చ, గెలుపు కోసం చేసే చర్చ అని రెండు రకాలు చెప్పి, మొదటిదానిలో జంకు లేకుండా అడగమంటాడు.

దేవుణ్నీ పరలోకాన్నీ కాదన్న ప్రాచీన భౌతికవాదులుగా మనం గొప్పగా చెప్పుకునే చార్వాకుల సంగతే చూడండి. వాళ్ల మూలగ్రంథాలు మనకు దక్కలేదు. వాళ్లు ఏమన్నారో మనకు తెలిసిందంటే చాలామటుకు వాళ్లను ఖండించినవాళ్ల పుస్తకాల వల్లనే. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహాన్ని మొదలుపెట్టిందే చార్వాక దర్శనంతో. వాళ్లను ఎగతాళి చేసినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. అయినా ఖండించే ముందు వాళ్లు అన్నదేమిటో రాసిపెట్టారు. ప్రత్యర్థి మాటను రాసిపెట్టే ఆ అలవాటే లేకపోతే మన సభల్లో చార్వాకుల పేరు ఎత్తడానికి మనకు ఒక్క వాక్యమూ మిగిలేది కాదు. మరి మనల్ని వ్యతిరేకించేవాళ్ల వాదాన్ని మన పత్రికల్లో, మన పుస్తకాల్లో వాళ్లు ఒప్పుకునేటట్టు ఎక్కడైనా రాసిపెట్టామా? నేను వెతికాను. అరుదు.

లోపలి విమర్శ సంగతి కూడా చెప్పాలి. రాడికల్ హ్యూమనిజం (నవ్య మానవవాదం) ప్రతిపాదించిన ఎం.ఎన్. రాయ్ 1946లో దాని 22 సూత్రాలను సహచరుల ముందు చర్చకు పెట్టారు. పార్టీ రాజకీయాల మీద ప్రశ్నలు ముదిరి, 1948 డిసెంబర్‌లో కలకత్తా మహాసభలో వాటిలో రెండింటిని సవరించి, తాను పెట్టిన రాడికల్ డెమొక్రటిక్ పార్టీనే రద్దు చేసుకున్నారు. తెనాలి, గుంటూరు వైపు ఆ ప్రభావంతో పెరిగిన తరం ఒకటుంది. వాళ్ల స్టడీ క్యాంపుల గురించి పెద్దలు చెబితే విన్నాను. నాయకుణ్ని నిలబెట్టి అడిగేవారట. ఇప్పుడు మా సంఘాల్లో అధ్యక్షుణ్ని అడిగే ధైర్యం ఎవరికుంది? వేదిక మీద ఆడవాళ్లు ఎందరని ఒక సోదరి అడిగితే, కులం గురించి ఉపన్యాసాలిచ్చే మన ఇళ్లలో పెళ్లిళ్లు ఎలా జరుగుతున్నాయని ఒక దళిత మిత్రుడు అడిగితే, ఉద్యమాన్ని బలహీనం చేయకండి అని ఊరుకోబెడతాం. నాకు ఇందులో ఏ మాత్రం సందేహం లేదు. ఉద్యమాన్ని బలహీనం చేస్తున్నది ఆ ఊరుకోబెట్టడమే.

దీనికి మా మిత్రులు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పూణేలో కాల్చి చంపారు. 2015లో కమ్యూనిస్టు నేత గోవింద్ పన్సారేనూ, కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గినీ అలాగే చంపారు. తుపాకులతో జవాబిచ్చే రోజుల్లో విమర్శకులకు కుర్చీ వేయమంటారా అని. ఆ భయం నిజమైనది. ఆ ముగ్గురి కోసం నేనూ వీధుల్లో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాను. కానీ తుపాకి పట్టినవాడు విమర్శకుడు కాడు. వాడికి వేదిక ఇవ్వమని నేననడం లేదు. దభోల్కర్‌గారు చేసిన పనినే చూద్దాం. మహారాష్ట్రలో చేతబడి, నరబలి వంటి వాటికి వ్యతిరేకంగా ఆయన అడిగిన చట్టం ముసాయిదాను ఏళ్ల తరబడి ఎన్నిసార్లో సవరించారు. తమ భజనలకూ యాత్రలకూ అడ్డొస్తుందని వార్కరీలు, అంటే పండరిపురం యాత్ర చేసే విఠలుడి భక్తులు, భయపడితే ఆ అభ్యంతరాలను పట్టించుకున్నారు. చివరికి ఆయన మరణం తర్వాత, 2013 డిసెంబర్‌లో వచ్చిన చట్టంలో ప్రదక్షిణ, యాత్ర, హరికీర్తన, భజన వంటివి ఈ చట్టం కిందికి రావని స్పష్టంగా రాశారు. చట్టం పలచబడిందని మనలో కొందరు అప్పట్లో విసుక్కున్నారు. నేనలా అనుకోను. దేవుణ్ని నమ్మే మామూలు మనిషి, దేవుడి పేరుతో మోసం చేసేవాడు ఒకటి కాదని ఆ చట్టమే చెప్పగలిగింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం కావాలని అడుగుతున్న మనం ముందు మాట్లాడాల్సింది భక్తులతోనే.

తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాల్లో గౌతముడు సత్యం కోసం చేసే దానిని వాదమన్నాడు, గెలుపు కోసం చేసే దానిని జల్పమన్నాడు, ఎదుటివాణ్ని పడగొట్టడమే తప్ప తనదంటూ ఏమీ చెప్పని దానిని వితండ అన్నాడు. ఆ చివరి రెండిటినీ పూర్తిగా కొట్టిపారేయలేదు. మొలకెత్తే విత్తనాన్ని కాపాడటానికి ముళ్లకంప వేసినట్టు అవీ అవసరపడతాయన్నాడు. మోసగాళ్ల మీద మనం చేసిన పోరాటానికి ఆ కంప కావాలి, కాదనను. అయితే కంప లోపల పైరు కూడా ఉండాలి కదా. సందేహంతో వచ్చిన డిగ్రీ విద్యార్థిని మీదా, పాండిత్యంతో వచ్చిన సంస్కృతం మాస్టారి మీదా కూడా అదే కంప వేస్తే లోపలికి ఎవరొస్తారు?

వచ్చే నవంబర్ 15, గోరాగారి జయంతి రోజున, మా సంఘం సభను వేరేగా జరపాలని కార్యవర్గంలో పట్టుబట్టి ఒప్పించాను. మొదటి గంట సంస్కృతం మాస్టారిది. ఈశ్వరుడు ఉన్నాడని ఆయన వాదిస్తారు, మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. తర్వాత నేను ముందుగా ఆయన వాదాన్ని నా మాటల్లో చెబుతాను. ఆయన సరే అన్నాకే నా జవాబు మొదలుపెడతాను. చివరి గంట ప్రశ్నలది, అందులో మొదటి అవకాశం విద్యార్థులకు. భర్తను పోగొట్టుకున్న ఇంటికి, జబ్బుపడ్డ ఇంటికి మన సంఘం నుంచి ఎవరు వెళ్తారు, ఏం చేస్తారు అన్నది కూడా ఆరోజు తేల్చి రాసుకుంటాం.

సంపాదకుడు గారూ, మీ పత్రికను అడిగేది ఒకటే. హేతువాదం మీద వ్యాసం వేసినప్పుడు, దాన్ని చదివి ఒప్పుకోని పండితుడి చేతో, పాస్టరు చేతో, మౌల్వీ చేతో అంతే నిడివిలో జవాబు రాయించి పక్కనే వేయండి. అలాగే వాళ్ల వ్యాసాల పక్కన మా జవాబు. ఆ మధ్య వచ్చిన ఆ వ్యాసకర్తకు కూడా మా సభకు రమ్మని మీ ద్వారా ఆహ్వానం పలుకుతున్నాను. నేను రాసిన దానిలో ఆయనకు అభ్యంతరాలుంటే మాట్లాడటానికి అరగంట కేటాయిస్తాం. విలేకరిని పంపితే సంతోషం, పంపినప్పుడు మాత్రం ఇద్దరి వాదాలూ సమానంగా అచ్చువేయాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్స్ ఉపాధ్యాయుడు,
గుడివాడ